ఉగ్గుగిన్నెలో గుమ్మడిపండు

సినిమాలో పిల్లల్ని పెంచడం ఎంత తేలికో చూశారా? ఉయ్యాల ఊగుతుంటుంది. అమ్మ ఒక చరణం పాడుతుంది. రెండో చరణానికల్లా పాపాయి పెరట్లో పరుగులు పెడుతుంది. మూడో చరణంలో ఆ చిన్నికాళ్లు పెద్దకాళ్లయిపోతాయి. కెమెరా మెల్లగా పైకి లేచేసరికి హీరోగారు పుస్తకాలు పట్టుకుని కాలేజీకి బయల్దేరుతుంటారు! మధ్యలో ఆ పిల్లాడు ఏం తిన్నాడో, ఎవరు పెట్టారో, ఎన్నిసార్లు ఉమ్మేశాడో ఏ దర్శకుడూ చూపించడు. చూపిస్తే రీళ్లు చాలవు మరి!

మన ఇళ్లలో ఆ సౌకర్యం లేదు. ఒక్కొక్క చెంచా, ఒక్కొక్క పూట, ఒక్కొక్క రోజు... అన్నీ పూర్తి నిడివిలో నడవాల్సిందే. అందుకే ఈ వారం తారల ముచ్చట్లు కాస్త పక్కన పెట్టి, చంటిపిల్లల గిన్నెలోకి తొంగిచూద్దాం.

ఈ మధ్య నాకొచ్చే ఉత్తరాలు కూడా అలాగే మారాయి. నిన్నమొన్నటిదాకా "ఫలానా హీరో ఎత్తెంత?" అని అడిగిన అమ్మాయిలే ఇప్పుడు "మా బాబు బరువెంత ఉండాలండీ?" అని అడుగుతున్నారు. ఏలూరు నుంచి ఒక చెల్లెలు రాసింది: "మా పాపకి ఆరు నెలలు నిండాయి. అన్నప్రాశన చేశాం. మా అత్తగారు పప్పుకట్టు పట్టమంటారు. మా అమ్మ ఉగ్గు పెట్టమంటుంది. మా ఆయనేమో ఫోన్లో ఎక్కడో చూసి, కూరగాయలు ఉడికించి మిక్సీ పట్టమంటారు. ఎవరి మాట వినాలి?"

ముగ్గురి మాటా విను తల్లీ. ఎలా వినాలో చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది.

పెళ్లికాని కుర్రాళ్లు అప్పుడే పేజీ తిప్పెయ్యకండి! రేపు అక్కయ్యకి పాప పుడితే మేనమామ హోదాలో మొదటి ముద్ద పెట్టేది మీరే. పెట్టేదేమిటో తెలిసి పెడితే ఆ హోదాకి అందం.

బఠాణీ గింజల కథ

ముందు ఒక సినిమా ముచ్చట చెప్పకపోతే మీరు ఊరుకోరు. 1927లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఫ్రీమాంట్ అనే చిన్న ఊళ్లో డొరొతీ గెర్బర్ అనే ఇల్లాలు తన పాప శాలీ కోసం బఠాణీలు ఉడికించి జల్లెడలో రుద్ది గుజ్జు తీస్తోంది. రోజూ ఇదే పని. చేతులు నొప్పి. భర్త కుటుంబానికి కూరగాయలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ ఉంది. "ఇంత చాకిరీ నా వంటింట్లో ఎందుకు? మీ ఫ్యాక్టరీలో చెయ్యలేరా?" అని అడిగింది. మర్నాటి సంవత్సరం, 1928లో, చంటిపిల్లల కూరగాయల గుజ్జు డబ్బాల్లో బజారుకెక్కింది.

ఆ డబ్బా మీద ముద్దులొలికే ఒక పాపాయి బొమ్మ ఉంటుంది. డొరొతీ హోప్ స్మిత్ అనే చిత్రకారిణి పొరుగింటి పాపని చూసి బొగ్గుతో గీసిన బొమ్మ అది. ఆ పాప ఎవరో చాలాకాలం లోకానికి చెప్పలేదు. ఇంకేం, పుకార్లు! 'కాసాబ్లాంకా' హీరో హంఫ్రీ బోగార్ట్ చిన్నప్పటి బొమ్మే అదని ఒక పుకారు. లెక్క చూస్తే బోగార్ట్ పుట్టింది 1899లో. 1928 నాటికి ఆయన మీసాలు గీసుకునే వయసులో ఉన్నాడు! అయితే నిప్పు లేనిదే పొగ రాదంటారే, అలా ఆ పుకారుకీ ఒక మూలం ఉంది. ఆయన తల్లి మాడ్ హంఫ్రీ పేరున్న చిత్రకారిణి. కొడుకుని చూసి ఆవిడ గీసిన బొమ్మ మెలిన్స్ అనే మరో కంపెనీ శిశు ఆహారం ప్రకటనల్లో వచ్చింది. అలా హాలీవుడ్ 'టఫ్' హీరో మొదటి వేషం పాలబుగ్గల పాపాయి వేషం!

అసలు గెర్బర్ పాప పేరు ఆన్ టర్నర్ కుక్. పెద్దయ్యాక ఆవిడ ఇంగ్లీషు టీచరై, ఆ తర్వాత డిటెక్టివ్ నవలలు కూడా రాసింది. 2022లో కన్నుమూసింది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఇంత పెద్ద వ్యాపారానికి మూలం ఒక జల్లెడ, ఒక గిన్నె, ఒక చెంచా. ఈ మూడూ మీ వంటింట్లో ఉన్నాయి. ఒకప్పుడు బొద్దుగా ఉండే పిల్లల్ని చూస్తే "గ్లాక్సో బేబీలా ఉన్నాడమ్మా!" అని మురిసిపోయేవారు. డబ్బా మీద బొమ్మ చూసి మన పిల్లల్ని కొలిచేవాళ్లం. ఆ మోజు ముదిరితే ప్రమాదమనే మన దేశంలో 1992లో ఒక చట్టం తెచ్చారు. 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు వెయ్యకూడదు. డబ్బా మీద పాపాయి బొమ్మ కూడా ఉండకూడదు. కనక డబ్బా అందానికి పడిపోయే అవసరం ఇప్పుడు మనకి లేదు.

గ్లాసు నిండా నీళ్లు, కడుపు నిండా మోసం

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది మాత్రం ముసిముసి నవ్వులతో చదివేది కాదు.

మా చెల్లెలి కూతురు తెనాలిలో కాపురముంటోంది. పోయిన సంక్రాంతికి వెళ్లాను. దాని కొడుకు ఎనిమిదో నెలవాడు. చక్కగా నవ్వుతాడు, పిలిస్తే పలుకుతాడు. "పెద్దమ్మా, వీడికి తిండి దగ్గర పేచీయే లేదు. గ్లాసుడు తాగేస్తాడు చూడు" అంది గర్వంగా. ఏమిటా గ్లాసుడు అని చూద్దును కదా... పప్పు ఉడికించి పైన తేరిన కట్టు, క్యారెట్ ఉడికించి వార్చిన నీళ్లు! అడుగున పప్పు, క్యారెట్ ముక్కలు పెద్దవాళ్ల కూరలోకి వెళ్లిపోతున్నాయి. "సారమంతా నీళ్లలోనే దిగుతుంది కదండీ వదినగారూ" అంది వాళ్ల అత్తగారు, ఎంతో ప్రేమగా. ఆవిడ ప్రేమకి వంక పెట్టేదేమీ లేదు.

అంగన్‌వాడీ టీచరు బరువు చూసి రాసే కార్డు అడిగి తీసుకున్నాను. ఆరో నెలలో 7 కిలోల 100 గ్రాములు. ఎనిమిదో నెలలో 7 కిలోల 200 గ్రాములు. రెండు నెలల్లో నూరు గ్రాములు! ఎక్కాల్సిన గీత చాపలా పడుకుని ఉంది. ఆ మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ అన్నీ పరీక్షించి, జబ్బేమీ లేదని తేల్చి, ఒక్క మాట అడిగింది: "వీడికి పెట్టేది చెంచా మీద నిలుస్తుందా, కారిపోతుందా?"

అదండీ రహస్యం. ఎనిమిది నెలల పిల్ల కడుపు ఎంత పడుతుందనుకున్నారు? సుమారు 200 మిల్లీలీటర్లు. మన కాఫీ గ్లాసుడు! ఆ గ్లాసుని పప్పు తేటతో నింపేస్తే పిల్లాడికి కడుపు నిండుతుంది, ఏడుపు మానుతుంది. కానీ ఒంటికి పట్టేదేముంది? ఆకలి తీరినట్టే ఉంటుంది, పోషణ అందదు. పేచీ పెట్టడు కనక ఎవరికీ అనుమానం రాదు. ఏడ్చే పిల్ల కంటే ఇలా నిశ్శబ్దంగా ఎండే పిల్లని చూసే భయపడాలి.

ఇప్పుడు కూరగాయల గుజ్జు సంగతి. గుజ్జు చిక్కగానే ఉంది కదా, సరిపోతుందా? అక్కడా ఒక లెక్కుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లకి తల్లిపాలు కాకుండా తిండి ద్వారా రోజుకి సుమారు 200 కాలరీలు కావాలంటారు. నూరు గ్రాముల గుమ్మడిలో ఉండేది రమారమి పాతిక. అంటే ఒక్క గుమ్మడితోనే సరిపెట్టాలంటే రోజుకి 800 గ్రాములు పెట్టాలి! పెద్దవాళ్లే తినలేం. సొరకాయ అయితే ఇంకా అన్యాయం, అదంతా నీరే.

కనక కూరగాయ గుణవంతుడైన నటుడే, కానీ ఒంటిచేత్తో బొమ్మ ఆడించలేడు. పక్కన అన్నమో ఉగ్గో ఉండాలి, పప్పుండాలి, పైన నెయ్యి ఉండాలి. ఒక చిన్న చెంచాడు నెయ్యిలో 45 కాలరీలు ఉంటాయి. గిన్నె సైజు పెరక్కుండానే బలం పెరుగుతుంది. ముసలమ్మలు ఉగ్గులో నెయ్యి చుక్క వెయ్యందే ఊరుకునేవారు కాదు. ఊరికే అన్నారా!

తెనాలి పిల్లాడికి మర్నాటి నుంచి ఆ పప్పే, ఆ క్యారెట్టే, నీళ్లు పారబొయ్యకుండా దగ్గరగా ఉడికించి, మెదిపి, నెయ్యి వేసి పెట్టారు. పైసా ఖర్చు పెరగలేదు. నెల తిరిగేసరికి కార్డు మీద గీత తలెత్తింది. ఫోన్ చేసి చెప్పింది మా పిల్ల. వియ్యపురాలు కూడా ఫోన్ తీసుకుని "ఇప్పుడు ఎత్తుకుంటే చెయ్యి నొప్పెడుతోంది వదినగారూ" అంది. ఎంత హాయైన నొప్పి!

గుజ్జు చేసే పద్ధతి

మొదట సమయం. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు. మంచినీళ్లు కూడా అక్కర్లేదు. నిండాక ఆలస్యం వద్దు. పిల్ల ఆనుకుని కూర్చోగలగాలి, మెడ నిలపాలి, చెంచా నోట్లో పెడితే నాలుకతో బయటికి తోసెయ్యకుండా ఉండాలి. గుజ్జు మొదలుపెట్టాక పాలు మాన్పించమని కాదు సుమండీ! రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వొచ్చు.

కూరగాయ ఏది? తీపి గుమ్మడి, క్యారెట్, చిలగడదుంప... తెలంగాణలో, రాయలసీమలో గెణుసుగడ్డ అంటారే, అదే... బీరకాయ, ఆనపకాయ, అరటికాయ. ఏ ఊళ్లో ఏది చౌకగా తాజాగా దొరికితే అది. మంచిగుమ్మడి పండు ముక్క కొనండి, బూడిదగుమ్మడి కాదు, అది వడియాలకి. కొత్తది ఏదైనా మొదటిసారి ఒక్కటే పెట్టి రెండు మూడు రోజులు చూడండి. ఒంటిమీద దద్దుర్లు, వాంతులు ఏమైనా వస్తే దేనివల్లనో తెలుస్తుంది.

వండడానికి మన ఇడ్లీపాత్ర దొరబాబు! చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, ఇడ్లీ రేకులో పెట్టి పావుగంట ఆవిరి పట్టండి. వేలితో నొక్కితే వెన్నలా నలగాలి. నీళ్లలో ఉడికిస్తే సారం నీళ్లలోకి పోతుంది, ఆ నీళ్లు వార్చేస్తే మళ్లీ తెనాలి కథే. తప్పదంటే కొద్ది నీళ్లే పొయ్యండి, ఆ నీళ్లతోనే మెదపండి.

మెదపడానికి పప్పుగుత్తి చాలు. మొదటి రెండు మూడు వారాలు బఠాణీ, చిక్కుడు లాంటి తొక్కు ఉన్నవి, పీచు ఉన్నవి చిల్లుల గరిటె మీద రుద్దుకోండి. మరీ గట్టిగా ఉంటే పల్చన చెయ్యడానికి తల్లిపాలే కలపండి. తెలిసిన రుచి కదా, పిల్ల గుర్తుపడుతుంది. చెంచా వంచి చూడండి. గుజ్జు చెంచాని పట్టుకుని నిలవాలి. టపటపా కారితే అది ఇంకా చారే!

ఉప్పు వద్దు, పంచదార వద్దు, బెల్లం వద్దు, ఏడాది దాటేదాకా. "చప్పిడిగా ఉంటే ఎలా తింటుందండీ?" అంటారు. చప్పిడి మన నాలుకకి, దానికి కాదు. తేనె మాత్రం ఏడాదిలోపు నాలిక్కి రాయడం కూడా వద్దు. దాంట్లో ఉండే ఒక రకం క్రిమి బీజాలు మామూలు వంట వేడికి చావవు. పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. కండరాలు చచ్చుబడిపోతాయి. పెద్దవాళ్లకేమీ కాదు కనక మనం నమ్మం. నమ్మండి.

ఏలూరు చెల్లెలికి ఒక గిన్నె

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు తల్లీ. మీ అమ్మ చెప్పిన ఉగ్గు, అత్తగారు చెప్పిన పప్పు, మీ ఆయన చెప్పిన కూరగాయ... మూడూ ఒకే గిన్నెలో పడాల్సినవే!

ఒక వంతు బియ్యం, అరవంతు పెసరపప్పు కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి, మెత్తగా పొడి కొట్టి డబ్బాలో పోసుకో. పూటకి రెండు పెద్ద చెంచాల పొడి, అంటే రమారమి 20 గ్రాములు, చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద చిక్కబడేదాకా తిప్పుతూ ఉడికించు. ఆవిరి మీద ఉడికిన గుమ్మడి గుజ్జు రెండు పెద్ద చెంచాలు కలుపు. చిన్న చెంచాడు నెయ్యి వెయ్యి. అంతే! సుమారు 120 కాలరీలు వస్తాయి. రోజుకి ఇలాంటివి రెండు పూటలు తింటే లెక్క దాటేసినట్టే. మొదటి రోజే అంతా తినదు. రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, వారాల మీద అరకప్పుదాకా పెంచుకుంటూ పో.

గుమ్మడి బదులు ఒకరోజు క్యారెట్, ఒకరోజు చిలగడదుంప, ఒకరోజు తోటకూర. అరటిపండూ, బొప్పాయీ వంట లేని గుజ్జులు. తినే అలవాటున్న ఇంట్లో గట్టిగా ఉడికిన గుడ్డు, బాగా ఉడికి మెదిగిన మాంసం, లివరు ఆరో నెల నుంచే పెట్టొచ్చు.

ఇది ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వ ఆరో నెల వచ్చేసరికి అడుగంటుతుంది. తల్లిపాలలో అన్నీ ఉన్నాయి కానీ ఇనుము తక్కువ. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆంధ్రలో 63, తెలంగాణలో 70. ఇవి సినిమా కలెక్షన్ల అంకెలయితే పండగ చేసుకునేవాళ్లం!

ఆకుకూరలో ఇనుముంది కానీ ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. నిమ్మరసం నాలుగు చుక్కలు పిండితే కొంత నయం. మాంసం, లివరులోది బాగా పడుతుంది. ఎవరేం తిన్నా, ఆరు నెలలు దాటిన పిల్లలకి వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు చొప్పున ఇచ్చే ఐరన్ సిరప్ ఆశా కార్యకర్తని అడిగి తీసుకోండి. ప్రభుత్వం ఇచ్చేదే, ఉచితం.

నిల్వ పెట్టే ముందు

గుజ్జు పాడవడం చాలా తేలిక. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, మీవీ, పాపవీ కూడా. గిన్నె, చెంచా, మిక్సీ జారు సందుల్లో కూడా శుభ్రం ఉండాలి. వండాక రెండు గంటల్లోపు పెట్టెయ్యాలి. మన వేసవిలో గంటే అనుకోండి. ఫ్రిజ్‌లో పెడితే ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. పాలకూర, బీట్‌రూట్ గుజ్జులు మాత్రం ఏ పూటకి ఆ పూటే. నిల్వ ఉంటే వాటిలో పిల్లలకి చెడు చేసే పదార్థం పెరుగుతుంది. ఉద్యోగాలకి వెళ్లే తల్లులు ఐసుముక్కల ట్రేలో పోసి గడ్డకట్టించి, పూటకి రెండు ముక్కలు తీసి పొగలొచ్చేలా వేడిచేసి, చల్లార్చి పెట్టొచ్చు. కరెంటు గంటలకొద్దీ పోయే ఊళ్లో మాత్రం ఈ పద్ధతి నమ్మకండి. ఒకసారి కరిగింది మళ్లీ గడ్డకట్టించకూడదు.

ఇంకో మాట. పాప ఎంగిలి చెంచా తగిలిన గిన్నెలో మిగిలింది సాయంత్రానికి దాచకండి. పెట్టబోయే కాస్తా వేరే గిన్నెలోకి తీసుకుంటే, పారబొయ్యాల్సింది ఉండదు.

ఎల్లకాలం గుజ్జే కాదు

మిక్సీ వచ్చాక కొందరు తల్లులు ఏడాదిదాకా అన్నీ గంధంలా రుబ్బి పోస్తున్నారు. అది ముద్దు కాదు. ఎనిమిదో నెల నుంచి పప్పుగుత్తితో గరుగ్గా మెదపండి. తొమ్మిది, పది నెలలకి వేళ్ల మధ్య నలిగే మెత్తటి ముక్కలు. ఏడాదికి మీ కంచంలోదే, కారం తక్కువతో. ఇంగ్లండులో ఏవన్ ప్రాంతంలో వేలమంది పిల్లల్ని పుట్టినప్పటి నుంచీ గమనించారు. పదో నెలదాకా ముక్క తగలనివ్వని పిల్లలు ఏడేళ్లొచ్చినా తిండి దగ్గర ఎక్కువ పేచీ పెడుతున్నారని, కూరలూ పళ్లూ తక్కువ తింటున్నారని తేలింది. నమలడానికీ ఒక వయసుంది మరి, డాన్సు నేర్చుకోవడానికి ఉన్నట్టే!

కొత్తగా ముక్క తగిలితే పిల్ల ఒకటి రెండుసార్లు వాక్ అంటుంది, మొహం ఎర్రబడుతుంది, దగ్గుతుంది. అది నేర్చుకునే పాఠం. చప్పుడే లేకుండా ఊపిరాడకపోతేనే ప్రమాదం. అందుకే పల్లీలు, శనగలు, ద్రాక్షపళ్లు, పచ్చి క్యారెట్ ముక్కలు చేతికివ్వకండి. నిటారుగా కూర్చోబెట్టి పెట్టండి. పక్కన పెద్దవాళ్లు ఉండాలి. కాళ్ల మీద పడుకోబెట్టి ముక్కు నొక్కి పోసే పాత పద్ధతికి ఇక శుభం కార్డు వేసెయ్యండి.

ఉమ్మేసిందా? "దీనికి గుమ్మడి పడదు" అని తీర్పు చెప్పకండి. రెండు రోజులాగి మళ్లీ ఒక చెంచా. ఎనిమిది, పది సార్లు రుచి చూస్తే గానీ కొన్ని కూరలు నచ్చవు. మొదటిసారి విన్నప్పుడు బాగోలేదన్న పాటనే నెల తర్వాత మీరు కూనిరాగం తీస్తారే, అలాగన్నమాట.

పాట చూపిస్తేనే ముద్ద

చివరిగా మన సినిమా జనానికి సంబంధించిన సంగతి. ఇప్పుడు ఏ ఇంట చూసినా ఫోన్ గోడకి ఆనించి, హీరో స్టెప్పులు వేస్తుంటే పాపాయి నోరు తెరుచుకుని చూస్తుంటుంది. ఆ తెరిచిన నోట్లో చెంచా దూరుతుంటుంది. "మా వాడు ఆ పాట పెడితేనే తింటాడండీ!" అని చెప్పుకోవడం గొప్పయిపోయింది. సినిమా అంటే నాకూ ప్రాణమే. కానీ ఆ పిల్లాడు తింటున్నాడా? మింగుతున్నాడు, అంతే. ఏం తిన్నాడో తెలియదు, కడుపు నిండిందో లేదో తెలియదు. ఏడాదిలోపు పిల్లలకి తెర అసలే వద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పాట మీరే పాడండి. శ్రుతి తప్పినా ఫర్వాలేదు, వాడికి మీరే గానకోకిల. ఆకలేస్తే వాడే ముందుకి వంగుతాడు, చాలనుకుంటే మొహం తిప్పేస్తాడు. ఆ తిప్పిన మొహాన్ని గౌరవించండి.

కొత్త నాన్నలకి కూడా ఒక మాట. ఫోన్లో చూసి సలహా ఇవ్వడంతో మీ పాత్ర అయిపోలేదు. ఆదివారం గుమ్మడి చెక్కు తీసి, ఇడ్లీపాత్ర పొయ్యి మీద పెట్టి, గిన్నె చేతపట్టుకుని కూర్చోండి. చొక్కా మీద పసుపురంగు మరకలు పడతాయి. పడనివ్వండి.

వచ్చేవారం మళ్లీ కలుద్దాం. మీ ఇంట్లో చంటివాళ్లకి తాతమ్మలు పెట్టిన ఉగ్గు ఏ పాళ్లలో ఉండేదో, ఏ ధాన్యం కలిపేవారో నాకు రాయండి. రాగులా, జొన్నలా, కొర్రలా? ఒక్కో జిల్లాది ఒక్కో తీరు కదా. మంచివి ఏరి ఈ పేజీలోనే వేస్తాను. ఈలోగా మీ ఇంట్లో ఆరు నెలలు దాటిన బుజ్జాయి ఉంటే, ఇవాళే బరువు కార్డు తీసి ఒకసారి గీత చూడండి. గీత పైకి పోతోందా, సంతోషం. పడుకుందా, రేపటిదాకా ఆగకండి.